రూతు కాపాడిన బీగం

రూతు మా ప్రెస్సులో చేరిన మొదటిరోజే నేను ఆమెను ఏడిపించాను. ఒక పెళ్లిపత్రికలో పదకొండు తప్పులకు ఎర్రసిరాతో సున్నాలు చుట్టి, కాగితం ఆమె బల్ల మీద విసిరేసి, తెలుగు ఎవరు చెప్పారమ్మా నీకు అని నలుగురిలో అడిగాను. ఆమె పమిటచెంగుతో కళ్లు తుడుచుకుని, పదకొండూ దిద్ది, మళ్లీ ప్రింటు తీసి తెచ్చింది. చూస్తే నా కంటికి ఆనకుండా పోయిన పన్నెండో తప్పు కూడా దిద్ది ఉంది. ఆ సంగతి ఆమె చెప్పలేదు, నేనూ ఒప్పుకోలేదు. ఆనాటి నుంచి ఇరవై మూడేళ్లుగా ఆమె కొట్టినదల్లా నేను చదువుతూ వస్తున్నాను.

నా పేరు గోవిందస్వామి. చిత్తూరు బజారు వీధిలో ధనంజయ నడిపే ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం నా పని. అంతకుముందు ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేవాణ్ణి. ముక్కు మీద కోపం కాబట్టి అక్కడ నాలుగేళ్లకు మించి నిలవలేకపోయాను. ప్రెస్సులో ఆ బాధ లేదు. కాగితాల మీద ఎంత కోప్పడినా అవి ఇంటికి పోయి పెద్దవాళ్లను పిలుచుకురావు.

రూతుది బంగారుపాళ్యం పక్కన చిన్న పల్లె. తండ్రి ఆమెకు ఊహ తెలియకముందే పోయాడు. తల్లి గంగులమ్మ మామిడితోటల్లో కూలికి పోయేది, కాయల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీలో నిలబడి రోజంతా కాయలు కోసేది. ఆ కూలితోనే కూతుర్ని పదో తరగతి దాకా చదివించి, చిత్తూరులో చర్చివాళ్లు నడిపే టైపు క్లాసులో చేర్చింది. రూతు రోజూ బస్సెక్కి వచ్చి తెలుగు టైపు నేర్చుకుంది. ఆ పిల్ల కొడుతుంటే చూపు కాగితం మీద, వేళ్లు మీటల మీద, మధ్యలో మనిషి ఉన్నట్టే అనిపించేది కాదు. పెళ్లయి చిత్తూరులోనే గిరింపేటకు కాపురం వచ్చాక బస్సు తప్పింది గాని పనితీరు మారలేదు.

ఆమె చేరిన ఏడాదే ధనంజయ తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్ కొన్నాడు. కొన్నాడు అనే మాట ఆ రోజుల్లో వింతగా వినబడేది. ఊళ్లో డి.టి.పి. సెంటర్లు పెట్టినవాళ్లలో చాలామంది ఒకరి దగ్గర ఒకరు కాపీ చేసుకున్న సీడీలతో బతుకుతుంటే, మావాడు హైదరాబాదు కంపెనీకి డబ్బు కట్టి తెప్పించాడు. అది నిజాయితీ అని నేను అనను. భయం. ఎవరో తనిఖీకి వచ్చి కంప్యూటర్లు ఎత్తుకుపోతారని ఎక్కడో విన్నాడు.

డబ్బా విప్పితే ఒక సీడీ, ఒక పుస్తకం, అగ్గిపెట్టె అంత నల్లటి ముక్క ఒకటి ఉన్నాయి. ఆ ముక్కకు ఒకవైపు సన్నటి పిన్నులు, రెండోవైపు రంధ్రాలు. కంప్యూటరు వెనక దాన్ని గుచ్చితేనే తెలుగు అక్షరాలు వస్తాయి, తీసేస్తే తెర మీద ఇంగ్లీషులో ఒక మందలింపు వస్తుంది. సీడీని ఎవడైనా కాపీ కొట్టుకోగలడు గాని ఆ ముక్కను కొట్టలేడు. దొంగకాపీలకు విరుగుడుగా కంపెనీవాళ్లు కనిపెట్టిన ఉపాయం అది. బిగించడానికి వచ్చినతను దాన్ని డాంగిల్ అన్నాడు. ధనంజయ భార్య దేవకమ్మ అటూ ఇటూ తిప్పి చూసి బీగం అన్నది. మా వైపు తాళాన్ని బీగం అనే అంటాం. ఆ పేరే నిలిచిపోయింది.

బీగం పోతే ఇంకొకటి ఇచ్చేది లేదనీ, మళ్లీ మొత్తం కొనుక్కోవాలనీ చెప్పి, దాన్ని వాడే మనిషి కాబట్టి అతను ఒక కాగితం మీద రూతుతో సంతకం పెట్టించుకున్నాడు. ఇంకొకరికి ఇవ్వను, ఇంకొకచోట వాడనివ్వను అని దాని సారాంశం. అలాంటి కాగితాల మీద లోకమంతా చదవకుండా సంతకం పెడుతుంది. రూతు చదివి పెట్టింది. రోజూ ఇంటికి బయలుదేరేముందు బీగం ఊడదీసి, తను కుట్టుకొచ్చిన గుడ్డసంచిలో వేసి, బీరువాలో దాచేది. పొద్దున రాగానే దాన్ని మళ్లీ గుచ్చి, అప్పుడు కుర్చీలో కూర్చునేది. నీ బీగానికి పాలు పట్టావా అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. నవ్వి ఊరుకునేది.

ఆ బీగం వల్ల ఒక మనిషి ఊరు వదిలిపోవడం కూడా నేను చూశాను. మా ఎదుటి వరుసలో మునికృష్ణ అనే పాతికేళ్లతను డి.టి.పి. సెంటరు పెట్టుకున్నాడు. చేతిలో మంచి పనితనం ఉంది, సాఫ్ట్‌వేర్ మాత్రం బీగం లేని ఏదో పాత రకం, అదీ కాపీదే. ఒక మాఘమాసంలో ముహూర్తాలు ముంచుకొచ్చిన వేళ అతని కంప్యూటరు చెడిపోయింది. కొత్తది తెచ్చుకుంటే, అందులోని కొత్త విండోస్ మీద ఆ కాపీ లేవనే లేదు. చేతినిండా పెళ్లిపత్రికలు ఉన్నాయి. మా సాఫ్ట్‌వేర్ సీడీకి కాపీ ఎక్కడో సంపాదించి, ఆదివారం మీ ప్రెస్సు మూసే ఉంటుంది కదక్కా, ఆ ఒక్కరోజు బీగం ఇవ్వమని వచ్చి రూతును అడిగాడు. ఆమె సంతకం పెట్టానంది. అతను ఇంకోసారి బతిమాలాడు. ఆమె తల వంచుకుని అదే మాట చెప్పింది. నేనైనా ఊరుకోవచ్చు కదా, దొంగసరుకుతో కొట్టు పెడితే ఇలాగే ఉంటుందని నోరు పారేసుకున్నాను.

పెళ్లివాళ్లు తమ పత్రికలు తీసుకుని వేరే సెంటర్లకు పోయారు. మునికృష్ణకు ఇస్తే సమయానికి అందవనే మాట ఊరంతా పాకింది. తర్వాత ఎవరో మా సాఫ్ట్‌వేర్‌నే క్రాకు చేసిన సీడీ, అంటే బీగం అడగకుండా పనిచేసే దొంగకాపీ, అతనికి తెచ్చి ఇచ్చారట గాని అప్పటికే పనులు లేవు. ఏడాది తిరక్కుండానే కొట్టు మూసి, సూళ్లూరుపేట వైపు ఏదో ఫ్యాక్టరీలో పనికి పోయాడు. నేనన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. రూతు మాత్రం ఆ వైపు నుంచి ఎవరు వచ్చినా మునికృష్ణ ఎట్లుండాడని అడిగేది.

పోనీ కొనుక్కున్న మేము సుఖపడ్డామా అంటే అదీ లేదు. కంప్యూటరు పాతబడినప్పుడల్లా విండోస్ మారాలి, విండోస్ మారినప్పుడల్లా బీగం అలగాలి. హైదరాబాదుకు ఫోను చేస్తే కొత్త సీడీ పంపుతామనేవాళ్లు. అది వచ్చేలోపల వారం పదిరోజులు చేతులు కట్టుకుని కూర్చోవడమే. తీరా వచ్చాక బీగం ఒప్పుకున్నా అక్షరాలు ఒప్పుకునేవి కావు. ఒకసారి క్షకారాలన్నీ మాయమయ్యాయి. ఇంకొకసారి వత్తులన్నీ తమ అక్షరాన్ని వదిలేసి పక్క అక్షరం కిందికి పోయి కూర్చున్నాయి. కార్వేటినగరం సంస్థానం మీద ఒక రిటైర్డు టీచరు రాసిన మూడువందల పేజీల పుస్తకం అప్పుడు మా దగ్గర ఉంది. అది ఒక విండోస్‌లో మొదలై, రెండోదాంట్లో నడిచి, మూడోదాంట్లో పూర్తయింది. మూడుసార్లూ మొదటి పేజీ నుంచి నేనే చదివాను. మా ముత్తాతల పేర్లు అడిగితే తడుముకుంటాను గాని ఆ సంస్థానం వంశావళి నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ఇంకోసారి కంప్యూటరు లోపలి బోర్డు మారిస్తే, డబ్బిచ్చి కొన్న విండోసే మమ్మల్ని అనుమానించింది. తెర నల్లబడి, ఇది అసలైనది కాకపోవచ్చునని రాసింది. రూతు ఒక ఉచిత నంబరుకు ఫోను చేసి, తెర మీది అంకెలు యాభై పైచిలుకు ఒక్కొక్కటే చదివి వినిపించింది. అవతలి గొంతు తిరిగి బోలెడన్ని అంకెలు చెప్పింది, ఆమె కొట్టుకుంది. కాపీలతో బతికేవాళ్లెవరికీ ఈ తిప్పలు లేవు, వాళ్ల తెరల మీద విండోస్‌తో వచ్చే పచ్చటి గుట్ట, నీలాకాశం బొమ్మ అలాగే ఉండేది. నాకు ఒళ్లు మండి ఫోను లాక్కోబోతే, అంకె తప్పతాది, ఉండండి సార్ అని నా చేయి తోసేసింది.

అయినా ఆ రోజులే బాగుండేవని ఇప్పుడనిపిస్తుంది. ముహూర్తాల కాలంలో ప్రెస్సు గడప దాటితే చాలు సిరా వాసన, తడి ఆరని పత్రికల మీద పసుపు వాసన కలిసి వచ్చేవి. పత్రిక వేయించుకోవడానికి ఇంటిల్లిపాదీ దిగేవాళ్లు. ఏ మేనమామ పేరు ముందుండాలో మా బల్ల దగ్గరే తేల్చుకునేవాళ్లు, ఆ తగువు తెగేదాకా రూతు మీటల మీద వేళ్లు ఆనించి ఓపిగ్గా చూసేది. ఇప్పుడు పెళ్లికొడుకే ఫోనులో పత్రిక తయారుచేసి పంపేస్తున్నాడు. అందులో తప్పులుంటే చెప్పడానికి నేను లేను.

ఆ రోజుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి శనివారాలు. మోకాళ్ల నొప్పులు వచ్చాక గంగులమ్మ కూలి మానేసి, వారం వారం మందుల కోసం చిత్తూరుకు వచ్చేది. ఆస్పత్రి నుంచి నేరుగా ప్రెస్సుకు వచ్చి కూతురి పక్కన ఒక స్టూలు వేసుకుని కూర్చునేది. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ధనంజయ ఇంటికి పోయేవాడు, మిషను ఆగిపోయేది. అప్పుడు ఆమె పాడేది. తోటల్లో కాయలు కోసేటప్పుడు పాడుకునేవి, చెనక్కాయ చేలో కలుపు తీసేటప్పటివి, పిల్లల్ని నిద్రపుచ్చేవి. చిన్నగా, గొణుగుతున్నట్టు పాడేది.

తోపుకు నీళ్లెవరు పోసిరే చెల్లా,
తోపుకు నీడెవరు నేసిరే?

రూతు వాటిని కాగితం మీద రాసుకునేది కాదు. తల్లి పెదాల వైపు చూస్తూ, చెవిన పడింది పడినట్టు కొట్టుకుంటూ పోయేది. తెర వైపు చూసేదే కాదు. ఫోనులో పట్టుకోవచ్చు కదా అని నేనంటే, ఫోను ముందు పెడితే అమ్మకు పాట మరుపొస్తాదని చెప్పింది. నేను పెరుగన్నం తిని, కుర్చీలో కళ్లు మూసుకుని, నిద్ర నటిస్తూ వినేవాణ్ణి. ఆరేళ్లలో నూటనలభై పాటలయ్యాయి. చూపించమంటే, అన్నీ అయినాక ఒకటేసారి దిద్దుదురు లెండి, పుస్తకం వేస్తానని చెప్పేది. అమ్మ పేరు అట్ట మీద ఉండాలట. సంతకం చేయడం రాని మనిషి పేరు పుస్తకం మీద ఉంటే ఎట్లుంటాది సార్ అని నన్నే అడిగింది. బ్రహ్మాండంగా ఉంటుందన్నాను.

కరోనా రెండో ఏడాది గంగులమ్మ పోయింది. చివరి చూపు కూడా సరిగా దక్కలేదు. ఆ తర్వాత రూతు ఆ ఫైలు తెరవలేదు. ఇంకొన్నాళ్లు పోనీ సార్ అనేది. నాలుగేళ్లు పోయాయి. పాటలు కాగితం మీద ఎక్కడా లేవు, తల్లితో కూలికి పోయిన ముసలివాళ్లు ఒక్కొక్కరే రాలిపోయారు. గంగులమ్మ గొంతులోవి ఏవైనా మిగిలి ఉంటే ఆ ఒక్క ఫైల్లోనే ఉన్నాయి.

ఈ మధ్యలో బీగం చేసిన కంపెనీ కూడా మూతపడింది. ఫోను చేస్తే ఈ నంబరు వాడుకలో లేదంటూ వచ్చేది. ధనంజయ పాత కంప్యూటరును పాత విండోస్‌తో అలాగే ఉంచి లాక్కొచ్చాడు. నిరుడు దసరా ముందు ఇక లాభం లేదన్నాడు. పాత విండోస్‌లో బ్యాంకు పనులు జరగడం లేదు, వచ్చే పనులన్నీ కొత్త రకం అక్షరాల్లో ఉన్నాయి, వాటిని పాతది చదవలేదు. కొత్త కంప్యూటరు తెచ్చి పెట్టాడు. దాని వెనక బీగం గుచ్చడానికి చోటే లేదు. పాతది ఆయుధపూజ అయినాక మూలకు జరిపేద్దామన్నాడు. రూతు సరేనని, పండగ సెలవు కాగానే ముందు అమ్మ పాటలు ప్రింటు తీసుకుంటానంది. ఎర్రసిరా కొత్త సీసా తెచ్చుకోండి సార్ అని నాతో అన్నది. చాలా రోజులకు ఆమె మొహంలో కళ చూశాను.

ఆయుధపూజ మాకు పెద్ద పండగ. మిషన్లు తుడిచి, గంధం రాసి, బొట్లు పెట్టి, బొరుగులు, శనగలు, బెల్లం నైవేద్యం పెడతారు. రూతు చర్చికి పోయే మనిషి, పూజలో కూర్చోదు. అయినా ముందురోజే వచ్చి అన్నీ దులిపి శుభ్రం చేసేది, ప్రసాదం మాత్రం పుచ్చుకునేది కాదు, దేవకమ్మ ఆమెకు వేరుగా పూజకు పెట్టని బొరుగులు తీసి ఉంచేది. ఇద్దరి మధ్యా అదొక ఒప్పందం. ప్రతి ఏడాదీ బీగం కంప్యూటరు వెనకే ఉండేది, దానికి దూరం నుంచే ఒక అక్షింత పడేది. ఈసారి దేవకమ్మకు ఒక ఆలోచన వచ్చింది. ఇరవై మూడేళ్లు ఇంటికి అన్నం పెట్టిన బీగం, ఇంక మూలకు పోతోంది, చివరిసారి దాన్ని లక్ష్మీదేవి పటం ముందు పెట్టి పూజ చేద్దాం, ఇయ్యి మే అన్నది. రూతు గుడ్డసంచిలోంచి తీసి ఆమె అరచేతిలో పెట్టింది. నేను చూస్తూనే ఉన్నాను. ఇరవై మూడేళ్లలో ఆమె దాన్ని ఇంకొకరి చేతికి ఇవ్వడం అదే మొదలు.

దేవకమ్మ దాన్ని ఎంత భక్తిగా చూసుకుందంటే, చెంబులో నీళ్లతో కడిగింది. తుడిచి రెండువైపులా చిక్కటి గంధం పూసింది. పిన్నుల మీద, రంధ్రాల మీద కుంకుమ అద్దింది. తమలపాకులో పెట్టి, పువ్వు పెట్టి, హారతి ఇచ్చింది. దశమి కూడా అయ్యాక తడిగుడ్డతో తుడిచి, తనే తెచ్చి రూతు బల్ల మీద ఉంచింది. రూతు దాన్ని కంప్యూటరు వెనక గుచ్చి మీట నొక్కింది. వెనక నుంచి చిన్న చప్పుడు, కాలిన వాసన వచ్చాయి. కంప్యూటరు లేచింది గాని తెర మీద ఇంగ్లీషు మందలింపు కనబడింది. బీగం లేదట.

స్పిరిట్‌తో కడిగాం, పళ్లు తోముకునే బ్రష్‌తో రుద్దాం. తిరుపతి నుంచి ఒక మెకానిక్కును పిలిపిస్తే, లోపలి చిప్పు కాలిపోయింది, ఇంక చేసేదేమీ లేదని చెప్పాడు. ఫైలును కొత్త కంప్యూటరులోకి ఎక్కించి చూశాడు. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, చుక్కలు, ఖాళీ డబ్బాలు. పాత అక్షరాలను కొత్తవాటిలోకి మార్చే వెబ్‌సైట్లు రెండు మూడు ప్రయత్నించాడు. మా సాఫ్ట్‌వేర్ చేసిన కంపెనీ చిన్నది కాబోలు, ఆ అక్షరాల లెక్క వాటికి తెలియదు. ఒక్క మాట కూడా మాటగా రాలేదు. దేవకమ్మ గోడకు ఆనుకుని కూలబడి ఏడ్చింది. రూతు పక్కన కూర్చుని ఆమె చేయి పట్టుకుంది.

"నీ చేతికిచ్చింది నేనే గదక్కా. నీ తప్పేముండాది ఇందులో."

నాకు మాత్రం అందరి మీదా కోపం వచ్చింది. కంపెనీ మీద, విండోస్ మీద, గంధం మీద, ముందే ప్రింటు తీయించని నా మీద. దొంగను ఆపడానికి చేసిన తాళం దొంగల్లో ఒక్కణ్ణీ ఆపలేదు, ఇన్నేళ్లు దాన్ని కంటికి రెప్పలా చూసుకున్న మనిషిని మాత్రం బయట నిలబెట్టింది.

ధనంజయకు మునికృష్ణ గుర్తొచ్చాడు. ఎవరి దగ్గరో నంబరు పట్టుకుని ఫోను చేశాడు. మునికృష్ణ ఆ ఆదివారమే సూళ్లూరుపేట నుంచి వచ్చాడు. జుట్టు నెరిసింది, మనిషి లావయ్యాడు. సంచిలోంచి పాత సీడీ తీసి బల్ల మీద పెట్టాడు. ఆ రోజు ఎవరో తెచ్చిచ్చిన క్రాకు సీడీ, ఎందుకో పారేయకుండా ఉంచుకున్నాడట. పాత కంప్యూటరులో వేస్తే బీగం అడగదు, పాటలు తెరుచుకుంటాయి, పది నిమిషాల పని అన్నాడు. అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. తన కొట్టున్న రోజుల్లో గంగులమ్మ కూతుర్ని చూడవచ్చినప్పుడు మామిడికాయలు తెచ్చి తనకూ పెట్టేదని గుర్తుచేసుకున్నాడు.

రూతు ఆ సీడీ వైపు చాలాసేపు చూసింది. తర్వాత టీ తెప్పించి, పిల్లల సంగతులు అడిగి, బస్సు వేళకు అతన్ని వీధి చివరిదాకా సాగనంపి వచ్చింది. సీడీ మాత్రం ముట్టుకోలేదు. వద్దని అతనికే చెప్పేసిందట. నాకు తిక్కరేగింది. ఆ కంపెనీయే లేదు, దీన్ని వాడితే ఎవరి సొమ్ము దొంగిలించినట్టు అని అరిచాను. తల్లి పాటలకంటే ఒక సంతకం ఎక్కువైపోయిందా అన్నాను. అనకూడని మాట అని తెలిసే అన్నాను.

"కంపెనీ లేకపోతే ఏమి సార్, మునికృష్ణ ఉండాడు గదా," అన్నది రూతు. "ఆపొద్దు ఆయప్పకు ఇయ్యనని చెప్పినాను. ఆయప్ప కొట్టు పోయింది. ఈపొద్దు నాకు కావాల్సొచ్చిందని నేను అదే సీడీ ఏసుకుంటే, ఆపొద్దు ఎందుకు ఇయ్యలేదంటారు?"

  నేను అలిగి వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె కొత్త కంప్యూటరు ముందు కూర్చుని కొత్త మీటలు నేర్చుకుంటూ ఉండేది. మధ్యమధ్య చేతులు ఆపి ఊరికే తెర వైపు చూసేది. ఆ చూపు చూస్తే నాకు అన్నం సహించేది కాదు.

ఆమె కొట్టింది ప్రతిదీ చదివాను, ఇదొక్కటే చదవకుండా పోవడమా అని నాకు మొండిపట్టు వచ్చింది. ఒకరోజు ధనంజయతో చెప్పి, ఆ పిచ్చిగీతల్నే మొదటి పేజీ ప్రింటు తీయించాను. బల్ల మీద పరుచుకుని, ఏ గీత ఎక్కువసార్లు వస్తోందో లెక్కపెట్టి, అది మకారమే అయి ఉంటుందని ఎర్రసిరాతో రాసుకుంటూ పోయాను. గంటసేపటికి నాకు దొరికింది తలనొప్పి ఒక్కటే. రూతు నీళ్లు తాగడానికి ఇటు వచ్చి, నా భుజం మీదుగా ఆ కాగితం చూసింది.

"అది మ కాదు సార్, ప," అన్నది. అని, తనే ఆగిపోయింది.

కాగితం చేతిలోకి తీసుకుంది. ఆ అక్షరాలు లేని కంప్యూటరులో తెరిస్తే మా తెలుగు ఎప్పుడూ ఇలాగే కనబడేది. పత్రికల ఫైళ్లు బయటి ప్రెస్సులకు పంపితే గీతలు వచ్చాయని వాళ్లు ఫోను చేయడం, ఈమె పోయి సరిచేసి రావడం ఇన్నేళ్లుగా జరిగింది. అలా చూసి చూసి ఆమె కంటికి ఆ గీతలు అలవాటైపోయాయి, అలవాటైన సంగతి ఆమెకే తెలియదు. వేలు పెట్టి మెల్లగా చదివింది. తో. పు. కు. నీ. ళ్లె.  నేను లేచి కుర్చీ ఆమె ముందుకు జరిపి, నా బల్ల సొరుగులోంచి తెల్లకాగితాల పుస్తకం, నల్లసిరా కలం తీశాను. 

ఆ రోజు నుంచి మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆమె చదవడం, నేను రాయడం. మొదట్లో గంటకు నాలుగు పంక్తులు కదిలేవి. ఖాళీ డబ్బాలు వచ్చినచోట ఆమె చిన్నగా రాగం తీసేది, ఆ రాగానికి సరిపడే అక్షరం దానంతటదే నోటికి వచ్చేది. రానురాను చదవడం పోయి పాడడమే మిగిలింది, నా చేయి వెనకబడేది. దేవకమ్మ కూడా వచ్చి గుమ్మం దగ్గర కూర్చుని వినేది. ఒకరోజు మునికృష్ణ ఫోను చేస్తే రూతు అతనికి రెండు పాటలు వినిపించింది. అవతల అతను ఏమన్నాడో నాకు చెప్పలేదు గాని, ఆ సాయంత్రమంతా ఆమె తేలికగా తిరిగింది. క్రిస్మస్ నాటికి ఎనభై పాటలు దాటాం. అచ్చుకు నేను రాసిన కాగితాలే ఇద్దాం, నీ తెలుగు కంటే నా దస్తూరి మేలు అని ఆటపట్టిస్తే, చాలా ఏళ్లకు గట్టిగా నవ్వింది.

మొన్న శనివారం తొంభై ఆరో పాట తీశాం. బిడ్డను నిద్రపుచ్చే పాట. రెండు పంక్తులు హాయిగా పాడింది. మూడో పంక్తిలో రాగం కుదరక, మళ్లీ అక్షరం అక్షరం కూడబలుక్కుంది. ఇ. దం. తా. నేను అలాగే రాసుకుంటూ పోయాను. దే. ని. కి. ఆమె గొంతు మెల్లబడింది. నేను తల ఎత్తలేదు, పంక్తి పూర్తయ్యాక మొత్తం ఒకసారి పైకి చదివాను.

"ఇదంతా దేనికి కొట్టుకుంటావు పాపా, నేనుండా గదా."

అది పాట కాదు. పాడుతూ పాడుతూ గంగులమ్మ మధ్యలో కూతురితో అన్న మాట. చెవిన పడింది పడినట్టు కొట్టే చేతులు దాన్నీ కొట్టేశాయి, ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. రూతు కాగితం ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద ఆనించింది. గుమ్మం దగ్గర దేవకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రూతు నా వైపు తిరిగి, అది పాటలోది కాదు సార్, కొట్టేయండి అన్నది.

నలభై ఏళ్లుగా నా బతుకంతా అనవసరమైన మాటలు కొట్టేయడమే. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు కూడా. కొట్టేయనని చెప్పాను. ఆమె కళ్లజోడు తుడుచుకుని నాలుగో పంక్తి మీద వేలు పెట్టింది.